నీరెండలో ఖాళీ ఇసుక

మా బావ దేవదానం మనుషుల మొహాలు తీసి బతికాడు, మనుషులు లేని ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరే చివరికి ఆయన మెడకు చుట్టుకుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మా అక్క ప్రేమలీల లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నాకేమో చెప్పకుండా ఉండడం చేతకాదు. మా చుట్టాల్లో సిగ్గుపడాల్సిన పనులు చేసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, నిజంగా సిగ్గుపడినవాడు నేనెరిగినంతలో ఆయనొక్కడే.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడమెట్ల కింద ఆయన స్టూడియో ఉండేది. లోపల గోడకి ఒక తెర, తెరమీద కొలను, రెండు హంసలు, చందమామ. డెబ్బైల్లో విశాఖపట్నంలో పెళ్ళయిన జంటలు చాలామంది ఆ హంసల ముందు బిగుసుకుని నిలబడ్డవాళ్ళే. తరవాత తరవాత స్టీలు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టే కుర్రాళ్ళు ఎలమంచిలి నించీ పద్మనాభం నించీ బస్సులు దిగి, పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం మెట్లమీద వరస కట్టేవారు. బావ వాళ్ళ గెడ్డాలు పైకెత్తి, కాలర్లు సర్ది, ఫొటో తీసేవాడు. ఆ తరవాత నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో వాళ్ళ మచ్చలూ మొటిమలూ మాయం చేసేవాడు. మశూచి మచ్చలున్న పెళ్ళికూతుళ్ళు ఆయనకి బతికినంతకాలం దండం పెట్టుకున్నారు.

"పొద్దస్తమానం మొహాలే రత్నం. సాయంత్రమయ్యేసరికి మనిషంటేనే విసుగొస్తాది" అనేవాడు నాతో.

అందుకని ఎండ వాలగానే స్టూడియో తలుపు దగ్గరకి లాగి, పాత స్కూటరు తీసేవాడు. నాకు పోర్టు ఆఫీసులో ఉద్యోగం. అప్పటికి పెళ్ళి కాలేదు. ఆయన వెనక సీటూ ఖాళీ, నా సాయంత్రాలూ ఖాళీ. అలా నేను ఆ ఫొటోల సంచీ మోసే పనిలో పడ్డాను. మా అక్క అయితే "ఊరందరిదీ ఒక దారి, మీ బావది ఒక దారి. ఇప్పుడు నువ్వూ తయారయ్యావు" అని మమ్మల్నిద్దరినీ కలిపి ఒకేసారి తిట్టేది.

బావ దారి నిజంగానే వేరు. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఊళ్ళో ఫొటోలు తీసేవాళ్ళందరూ తెల్లారగట్ల లేచి సూర్యుడి కోసం కాపలా కాసేవారు. బావకి అదంటే నవ్వు. సూర్యుడు ఎదురుగా ఉంటే మనం కళ్ళు చికిలించుకోవడం తప్ప చూసేదేముంది అనేవాడు. సాయంత్రమైతే సూర్యుడు మన వెనక కొండలమీదికి దిగుతాడు. ఎండ వీపుమీద నించి వచ్చి ఇసుకమీద పరుచుకుంటుంది. ఇసుక ముదురు బెల్లం రంగుకి తిరుగుతుంది. విరగబోయే అల లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. కొండ ఆ ఎండని మింగేసేలోగా తియ్యాలి. దాన్నే ఆయన నీరెండ అనేవాడు. మనందరం అనే మాటే. ఆయన అంటే మాత్రం కాస్త గొంతు తగ్గించి, చర్చిలో అన్నట్టు అనేవాడు.

ఆయన ఫొటోలో మనిషి ఉండకూడదు. అది ఆయన పెట్టుకున్న నియమం. "దేవుడు మనిషిని ఆరో రోజున చేసేడు. ఐదో రోజు సాయంత్రం భూమి ఎలగుండేదో నాను తీస్తాను" అనేవాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. నేనైతే మా ఆఫీసులో నలుగురికి చెప్పాను, నా మాటలాగే చెప్పాను.

రుషికొండ దాటి భీమిలి రోడ్డున పోతే సరుగుడు తోటల అవతల గవ్వలపాలెం అని చిన్న ఊరు. వేటకెళ్ళే వాళ్ళ ఊరు. ఇళ్ళ ముందు విశాలమైన ఇసుక, రెండు పక్కలా నల్లరాళ్ళు, మధ్యలో వంపు తిరిగిన ఒడ్డు. ఆ వంపులో సముద్రం నెమ్మది. అందుకని తెప్పలన్నీ అక్కడే ఒడ్డుకి చేరేవి. వలలు అక్కడే ఆరేవి. ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్నచేపలు అక్కడే ఎండబెట్టేవారు. బావ కన్ను సరిగ్గా ఆ వంపుమీదే పడింది.

మొదటిరోజు ఆయన చేతిలో పెట్టెలాంటి కెమెరా ఉంది. దాన్ని పొట్టకి ఆనించుకుని, తల వంచి పైనించి అద్దంలోకి చూడాలి. దూరం నించి చూసేవాళ్ళకి ప్రార్థన చేసుకుంటున్నట్టు ఉంటుంది. చిక్కేమిటంటే అందులో కుడి ఎడమగానూ, ఎడమ కుడిగానూ కనిపిస్తుంది. బావ అద్దంలోకి చూస్తూ, కుడిచెయ్యి ఊపి "కుడికి జరగండమ్మా" అన్నాడు. వాళ్ళు కుడికి జరిగి సరిగ్గా ఫొటో నడిమధ్యకి వచ్చారు. "ఎడమకి" అన్నాడు. ఎడమకి పోయి ఎవరి వలలోనో కాలు పెట్టారు. కాసేపు ఆ ఇసుకమీద కోలాటం నడిచింది. ఎండ పోతోందన్న కంగారులో బావ విసిగిపోయి "అసలు మొత్తం ఖాళీ సెయ్యండి" అని అరిచాడు.

ఆ మాట అందరికీ అర్థమైంది. బుట్టలు లేచాయి, వలలు చుట్టారు, తెప్పల్ని రాళ్ళవైపు ఈడ్చారు. మనుషులందరూ మా వెనక్కి వచ్చేశారు. వెనకనించి పొడుగు నీడలు ఇసుకమీద పడుతుంటే, బావ అడక్కముందే పోతమ్మ అనే పెద్దామె అందరినీ కూర్చోబెట్టింది. "బాబు నీడలు వద్దంతన్నాడు, కూకోండెహె" అంది. బావ అప్పటికి నీడల మాటే ఎత్తలేదు. ఆమె చూసి గ్రహించింది, అంతే.

తరవాత అదే ఆనవాయితీ అయింది. మా స్కూటరు సరుగుడు తోట మలుపు తిరిగేసరికి పోతమ్మ గొంతు వినిపించేది. "ఫొటోలబాబొచ్చేడు. కాళీ సెయ్యండి, బేగి సెయ్యండి." పొద్దు వాలేవేళ ఆ కాస్త ఎండే చేపలకి చివరి ఎండ అని, దాంట్లోంచి తీసేస్తే నెత్తళ్ళు మెత్తబడతాయని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. వాళ్ళు ఎప్పుడూ అనలేదు. మేము అడగనూ లేదు.

పోతమ్మ మాత్రం అప్పుడప్పుడూ ఒకటి అడిగేది.

"బాబూ, ఓపాలి నా బొమ్మ కూడా తియ్యవేటి?"

"స్టూడియోకి రా పోతమ్మా, హంసల ముందు కూకోబెట్టి తీస్తాను. ఇక్కడ ఎండ పోతంది."

"ఎండ రోజూ పోతాది. నానే ఎప్పుడు పోతానో" అని నవ్వేది. బావ కూడా నవ్వి, తల వంచి కెమెరాలోకి చూసుకునేవాడు. ఫొటో అయ్యాక ఆమె మాట మర్చిపోయేవాడు. ప్రతిసారీ మర్చిపోయాడు.

ఆ ఫొటోలు ఎంత బాగుండేవో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఊళ్ళో ఒక హాల్లో ఆయన ఫొటోలు గోడలకి పెట్టి జనానికి చూపించారు. కాలేజీ లెక్చరర్లు, డాక్టర్లు వచ్చారు. ఒకాయన "ఇంత నిర్మలమైన తీరం మన జిల్లాలో ఉందా" అని ఆశ్చర్యపోయాడు. బావ చేతులు వెనక్కి కట్టుకుని, అచ్చు పుస్తకాల తెలుగులో, "ప్రకృతిని ఉన్నదున్నట్టు తీస్తానండి. ఒక్క పుల్లనైనా కదపను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పుల్లని కదపడు, ఊరినైతే కదుపుతాడు అని నోటిదాకా వచ్చింది. నలుగురిలో బావని ఏడిపించడం బాగుండదని మింగేశాను. ఆయన మాత్రం ఆ మాట ఆ తరవాత ఎక్కడికెళ్ళినా చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు.

డెబ్బై తొమ్మిదిలోనో ఎనభైలోనో, నీలిగవ్వ హోటళ్ళ కంపెనీ అని ఒకటి ఆయన ఫొటోతో రంగుల కేలెండరు వేసింది. గవ్వలపాలెం వంపు, బెల్లం రంగు ఇసుక, వెలుగుతున్న అల. మనిషి పొడ లేదు. కింద 'నీరెండ' అని అచ్చు, పక్కన బావ పేరు. మా చర్చి ఆఫీసులో తగిలించారు. మా పోర్టు ఆఫీసులో నేనే తగిలించాను. అక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. పోతమ్మకి కూడా ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాం. ఆమె చాలాసేపు చూసి, "మా ఊరు ఇంత పెద్దదేటి" అంది. మేము ఆ మాటకి ఎంత మురిసిపోయామో చెప్పలేను.

మూడు నాలుగేళ్ళు గడిచాయి. ఆ కంపెనీయే గవ్వలపాలెం ఒడ్డున హోటలు కడతానని, ఆ ఇసుక తనకి కౌలుకి ఇప్పించమని సర్కారుకి పెట్టుకుంది. ఆ ఇసుకమీద పాలెంవాళ్ళకి పట్టాలూ లేవు, పాడూ లేవు. తాతల నాటినించీ వాడుకుంటున్నాం అన్న మాట ఒక్కటే ఉంది. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి గంగాధరరావు అనే అధికారి పాలెం బడి వసారాలో విచారణ పెట్టాడు. వలలు ఆరేసుకునే చోటు పోతే ఆ ఊళ్ళో ఇంకేం మిగలదని అక్కడున్న పిల్లలకి కూడా తెలుసు.

కంపెనీ మేనేజరు సీతారామాంజనేయులు బావని కారు పంపి మరీ పిలిపించాడు. "ఆర్టిస్టుగా మీరొచ్చి కూర్చుంటే చాలు సార్, మాకు నిండుదనం" అన్నాడు. అందితే జుట్టు అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. బావ పెళ్ళినాటి కోటు వేసుకుని బయల్దేరాడు. విచారణ దేనిగురించో ఆయనకి సగం సగమే తెలుసు. మిగతా సగం తెలుసుకోవాలని అనిపించలేదు. కారులో ముందు సీటు ఇచ్చారు మరి. నాకు వెనక సీటు.

వసారా గోడకి, కంపెనీ ఆయన దగ్గర కొనుక్కున్న ఫొటోలు వరసగా మేకులు కొట్టి ఉన్నాయి. మేనేజరు కర్రతో చూపించాడు.

"ఇవి పదేళ్ళ పొడుగునా తీసిన ఫొటోలు సార్. వేసవి, వానాకాలం, చలికాలం, అన్నీ ఉన్నాయి. వీటిలో ఒక్క వల ఉందా, ఒక్క తెప్ప ఉందా, ఒక్క మనిషి ఉన్నాడా చూడండి. ఇది జనం వాడని ఇసుక. ఈ దేవదానం గారు పుల్లనైనా కదపరు. ఉన్నదున్నట్టు తీస్తారని ఊరంతా తెలుసు."

అప్పటికి గానీ బావకి అర్థం కాలేదు. గంగాధరరావు ఆయనవైపు తిరిగాడు.

"ఇవి మీరు తీసినవేనా?"

"నేనేనండి."

"ఫొటోల్లో ఎక్కడా ఏమీ చెరపలేదు కదా?"

"లేదండి. ఫొటోల్లో ఏమీ చెరపలేదు."

నిజమే. ఫొటోల్లో ఆయన ఏమీ చెరపలేదు. చెరిపిందంతా ఫొటోకి ముందే.

పోతమ్మ కొడుకు ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు. గుర్తు చేస్తున్నట్టుగానే అడిగాడు. "బాబూ, నువ్వు కాళీ సెయ్యమంటేనే గదా మేమెల్లింది. ఆ మాట సెప్పీ బాబూ."

అందరూ బావవైపు చూశారు. ఒక్క మాట చాలు. అవునండి, నేనే పక్కకి పొమ్మన్నాను, అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే ఊరంతా తిరిగి చెప్పుకున్న మాట అబద్ధమని ఒప్పుకోవాలి. ఆయన ఫొటో నిజం కాదని ఆయనే అనాలి, అదీ తన ఫొటోలన్నీ గోడమీద పెట్టుకుని, కోటు వేసుకుని కూర్చుని. బావ నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. మేనేజరు చిన్నగా నవ్వి, "చూశారుగా సార్" అన్నాడు.

ఎల్లాజీ మళ్ళీ ఏదో అనబోతే పోతమ్మ వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఒగ్గీరా. పెద్దమనిషిని నలుగుర్లో నిలదీత్తావేటి" అంది. బావ పరువు కాపాడటానికి అంది. నన్నడిగితే ఆమె బావని చెప్పుతో కొట్టి ఉన్నా ఇంత దెబ్బ తగిలేది కాదు.

తిరుగు ప్రయాణంలో కారు వద్దని, బస్సెక్కాడు. మర్నాడు ఆదివారం. చర్చిలో రొట్టె పళ్ళెం తన వరసకి వస్తే, ఒక ముక్క తీసుకోకుండా పక్కవాడికి అందించేశాడు. మాలో అది చిన్న విషయం కాదు. మనసులో తప్పుంటే ఆ రొట్టె ముట్టకూడదు. ఆడవాళ్ళ వరస నించి అక్క అది చూసింది. ఇంటికొచ్చి, చీరైనా మార్చుకోకుండా అడిగింది.

"ఏటి సేసేరు?"

బావ చెప్పాడు. అన్నీ చెప్పాడు. పోతమ్మ అడిగిన బొమ్మ సంగతి కూడా చెప్పాడు. అక్క అరవలేదు. నెగెటివ్‌ల అట్టపెట్టెలు మంచంకింద నించి లాగి కిటికీ దగ్గర పెట్టింది.

"వెతకండి. ఎక్కడో ఓ మూల ఓ మనిషైనా ఉండకపోడు."

ముగ్గురం కూర్చున్నాం. ఒక్కొక్క రీలూ వెలుతురుకి పట్టి చూశాం. భోజనాలు చల్లారిపోయాయి. అలలు, మబ్బులు, రాళ్ళు, ఇసుక. ఒక బుట్ట లేదు. ఒక తెప్ప కొస లేదు. నీడైనా లేదు. పోతమ్మ అందరినీ కూర్చోబెట్టేసింది కదా. పదేళ్ళ ఊరు ఆ పెట్టెల్లో ఎక్కడా లేదు. చివరి రీలు కింద పెట్టేసి బావ అన్నాడు.

"ఎంత శుభ్రంగా చేసేనో సూడవే ప్రేమా."

అక్క ఆయనకి అన్నం పెట్టింది. ఆయన తినలేదు. నాకు బావమీద అంత కోపం, అంత జాలి రెండూ ఒకేసారి అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

సోమవారం గంగాధరరావు ఆఫీసుకి నేనే తోడు వెళ్ళాను. బావ కోటు వేసుకోలేదు. నిలబడే చెప్పాడు. "అబద్ధం చెప్పేనండి. అంటే, నిజం చెప్పకుండా ఊరుకున్నాను. వాళ్ళు రోజూ అక్కడే ఉంటారు. నేనే ఖాళీ చెయ్యమనేవాణ్ణి."

ఆ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే వాళ్ళని అందరికంటే ముందు ఖాళీ చేయించింది మీరన్నమాట."

"అవునండి."

"మీ మాట రాసుకుంటాను. కానీ అటు పదేళ్ళ ఫొటోలున్నాయి, ఇటు మీ మాటొక్కటే ఉంది. వాళ్ళు ఆ ఇసుకమీద ఉన్నట్టు ఒక ఫొటో తెండి. ఏ మేర వాడుతున్నారో చూసి తేలుస్తాను."

మంచివాడే. ఫొటోని నమ్మేవాడు, అంతే.

ఆ సాయంత్రమే బయల్దేరాం. స్కూటరు సరుగుడు తోట మలుపు తిరిగింది. ఒడ్డునిండా జనం. ఎల్లాజీ వాళ్ళు వల బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళు నెత్తళ్ళు తిరగేస్తున్నారు. తెప్పలన్నీ వంపులో ఉన్నాయి. బావకి ప్రాణం లేచొచ్చింది. స్కూటరు దిగి, పరుగులాంటి నడకతో ఇసుకలోకి వెళ్ళి, సంచీలోంచి కెమెరా తీశాడు.

కెమెరా తీసిందే తడవు, ఒడ్డు కదిలింది. ఎవరూ ఏమీ అనలేదు. పోతమ్మ కేక కూడా వెయ్యలేదు. ఒకరు వల చుట్టారు. ఇద్దరు తెప్ప ఎత్తారు. ఆడవాళ్ళు చేపల చాపలు మడతపెట్టారు. ఆయన తల వంచి అద్దంలోకి చూసి తల ఎత్తేలోగా, ఎదురుగా ఇసుక నున్నగా, బెల్లం రంగులో, ఖాళీగా ఉంది. అందరూ మా వెనకాల కూర్చుని ఉన్నారు. రెండు రోజుల కిందట వాళ్ళ నోటి దగ్గర కూడు తీసినవాడికి కూడా, కెమెరా పడితే చాలు, దారి ఇచ్చారు.

బావ అక్కడే కూలబడ్డాడు. పెద్దగా ఏడ్చాడు. మగవాడు అలా ఏడవగా నేను చావుల దగ్గర తప్ప చూడలేదు. పోతమ్మ దగ్గరకొచ్చింది.

"ఏటయింది బాబూ? ఇంకా ఎవులైనా అడ్డం ఉన్నారేటి?"

"ఎవురూ అడ్డం కాదు పోతమ్మా. నానే అడ్డం. తప్పయిపోయింది. వెల్లకండి. ఇయ్యాళ మీ బొమ్మే తియ్యాలి. మీరందరూ ఉండాలి. మీ వలలు, తెప్పలు అన్నీ ఉండాలి."

ఆమెకి నవ్వొచ్చింది. "ఇన్నాళ్ళకా" అని, అందరినీ లేపింది. వాళ్ళు మళ్ళీ ముందుకి వెళ్ళారు. కానీ ఫొటో అంటే ఎలా నిలబడాలో వాళ్ళకి ఏం తెలుసు? ఆ కెమెరా ముందు ఇన్నేళ్ళూ వాళ్ళు నేర్చుకున్నది ఒకటే, దాని చూపుకి అడ్డం రాకపోవడం. మగవాళ్ళు వలలతో, తెప్పలతో కుడివైపు రాళ్ళ పక్కన నిలబడ్డారు. ఆడవాళ్ళు చేపల బుట్టలతో ఎడమవైపు రాళ్ళ పక్కన నిలబడ్డారు. నడుమ వంపు అంతా ఖాళీ. బొమ్మ బాగా రావాలని, పాపం, మర్యాదగా చోటు వదిలారు.

"బావా, మజ్జిలోకి రమ్మను" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాను సెప్పను రత్నం. పదేళ్ళనించి అటు జరగండి, ఇటు జరగండి అని ఆళ్ళని ఆడించేను. ఇంక నా నోటితో ఆళ్ళని ఒక్క అడుగు కదపను. ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడే నిలబడనీ."

ఆ మాట నాకు ఎంతో బాగుందనిపించింది. బావ మారాడు అనుకున్నాను. అటునించి పోతమ్మ "ఇలగ సాలా బాబూ?" అని కేకేసింది. "సాలు పోతమ్మా" అన్నాడు బావ. నీరెండ కొండమీద నించి చివరిసారిగా వాలింది. తన నీడ ఇసుకమీద పొడుగ్గా పడుతోందని ఆయనకి తెలుసు. నీడ పడకుండా ఎప్పుడూ కూర్చుని తీసేవాడు, ఆ రోజు కూర్చోలేదు. పడనీ అనుకున్నాడు. నొక్కాడు.

ఆయన జన్మలో తీసిన ఫొటోల్లో అదే మంచి ఫొటో అని నేను ఇప్పటికీ అంటాను. ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. గంగాధరరావు దాన్ని మేజామీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. మేనేజరు కూడా వంగి చూశాడు.

"ఇటు ఉన్నారు, అటు ఉన్నారు. నిజమే" అన్నాడు అధికారి. "మధ్యలో ఎవరూ లేరుగా. ఈ నీడ ఎవరిది?"

"నాదేనండి."

"వాళ్ళు మధ్యలో కూడా ఉంటారంటారు."

"ఉంటారండి. తెప్పలు చేరేది అక్కడేనండి. ఫొటో అని తప్పుకున్నారు."

"ఈసారి కూడా మీరే తప్పుకోమన్నారా?"

"లేదండి. నేనేమీ అనలేదండి."

అదీ నిజమే. ఆయన ఏమీ అనలేదు.

గంగాధరరావు న్యాయం చేద్దామనే చూశాడు. రెండువైపులా రాళ్ళ పక్క ఇసుక పాలెంవాళ్ళకి వదిలి, నడుమ ఖాళీగా ఉన్న వంపు హోటలుకి ఇమ్మని రాశాడు. ఇద్దరికీ నష్టం లేకుండా తేల్చానని సంతోషించాడు కూడా. ఏడాది తిరిగేసరికి వంపు చుట్టూ గోడ లేచింది. పాలెం మగవాళ్ళు తెప్పల్ని రాళ్ళమీదుగా ఈడ్చుకోవడం మొదలుపెట్టారు. ఎల్లాజీ తెప్ప ఆ వానాకాలంలోనే రాళ్ళకి కొట్టుకుని చీలింది. వాడు వేట మానేసి పోర్టులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నాకు గేటు దగ్గర కనపడితే పలకరించేవాడు. నేనే తల తిప్పుకునేవాణ్ణి.

బావ పెట్టె కెమెరాని గుడ్డలో చుట్టి బీరువామీద పెట్టేశాడు. సాయంత్రాలు స్టూడియోలోనే కూర్చునేవాడు. నీరెండ మేడమెట్లమీద నించి లోపలికి పడితే లేచి తలుపు వేసేవాడు. గవ్వలపాలెం వెళదామని రెండు మూడుసార్లు నేనే అన్నాను. "ఏ మొహం పెట్టుకుని రత్నం" అనేవాడు. మా ఇంట్లో కేలెండరు తీసేశారు. గోడమీద దాని మేర తెల్లగా మిగిలింది. అక్క దాని మీద ఇంకేదీ తగిలించలేదు.

ఎనభై ఆరులో అనుకుంటాను, ఒక సాయంత్రం నేను స్టూడియోలో ఉండగా పోతమ్మ వచ్చింది. పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్ముకుని, ఖాళీ బుట్ట మెట్ల కింద పెట్టి లోపలికి తొంగిచూసింది. మనిషి సగమైంది.

"స్టూడియోకి రమ్మన్నావు గదా బాబూ. వచ్చేను. బొమ్మ తీత్తావా?"

బావ లేచి నిలబడ్డాడు. కుర్చీ కాదని, పెళ్ళిజంటలు కూర్చునే పెద్ద బల్ల తెచ్చి హంసల ముందు వేశాడు. తుడిచిన బల్లని మళ్ళీ తుడిచాడు. పోతమ్మ జుట్టు సర్దుకుని వచ్చి, బల్లకి ఒక కొసన, పడిపోతుందేమో అన్నంత చివర కూర్చుంది. కొలను, హంసలు, చందమామ అన్నీ కనిపించేలా మధ్య అంతా వదిలిపెట్టింది.

బావ చేతిలోని తుడుపుగుడ్డ పక్కన పెట్టాడు.

"మజ్జిలోకి రా పోతమ్మా."

ఆమె వెంటనే మధ్యకి జరిగి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇలాగేనా అన్నట్టు చూసి, నవ్వుతూ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అంది.

"ఈ మాట ఆ రోజు ఇసకలో అనుంటే వద్దుము గదా బాబూ. జరగమంటే జరిగినోళ్ళం, రమ్మంటే రామేటి?"

బావ స్టూడియో కెమెరా వెనక్కి వెళ్ళి, నల్లగుడ్డ కింద తల దూర్చాడు. పోతమ్మ కదలకుండా, రెప్ప వెయ్యకుండా కూర్చుని ఉంది. ఆయన చాలాసేపటిదాకా ఆ గుడ్డ కిందనించి తల బయటికి తియ్యలేదు.